గొలుసుకు తెలిసిన చెయ్యి

పోయినవారం మనం సామానక్కను కాలేజీ లైబ్రరీ మేడమీద, కిటికీ పక్కన, కళ్ళ డాక్టరమ్మ తెచ్చిన గుడ్డసంచీ ఎదుట వదిలి వచ్చాం. సంచీలోంచి సైకిలు ఎత్తుకుపోకుండా చక్రానికి వేసే పాత గొలుసు ఒకటి బయటపడింది. అది కాలేజీ గేటు దగ్గర దొరికిందని వినగానే సామానక్క కూర్చున్నచోటే కొయ్యబారిపోయింది. పాత ఇనుపముక్కకు ఇంత దిగ్భ్రమ ఎందుకో డాక్టరమ్మకు అర్థం కాలేదు. మనకు తెలుసు. మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

సామానక్కకు ఆ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు బైండింగు చేసే పని. జీతం ఇచ్చే పని అది. ప్రాణం పెట్టిన పని వేరే ఉంది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ కాలేజీ విద్యార్థులు ఫీజుల పెంపు మీద పెద్ద ఉద్యమం చేశారు. ఆ ఉద్యమం తాలూకు పుల్లా పుడకా ఏది దొరికినా ఆమె తెచ్చుకుని దాస్తుంది. హాస్టలు దుప్పట్లు కలిపి కుట్టిన బ్యానర్లు, సీసామూతలు సాగగొట్టి పిన్నీసు అతికించిన బ్యాడ్జీలు, పోస్టర్ల కోసం పిండి జిగురు కాచిన బకెట్టు, కళ్ళమంట తగ్గాలని తడిపి ముఖానికి కట్టుకున్న చేతిరుమాళ్ళు, జతలేని చెప్పులు. ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు అని ఆమె దేన్నీ కాదనదు. ఆనాటి ఊరేగింపు ముందు నడిచింది ఒకే ఒక్క చేతిమైకు. ఇప్పుడు సామానక్క దగ్గర చేతిమైకులు ఒక అలమరకు సరిపడా ఉన్నాయి. తెచ్చిన ప్రతివాళ్ళూ అసలుది మాదే అన్నారు. ఆమె అందరికీ తలూపి, అన్నిటినీ వరసగా పేర్చింది.

ఇక ఇదంతా ఎందుకంటే, ఆమె తండ్రి ఆ కాలేజీ గేటు వాచ్‌మన్. ఉద్యమం చివరిరోజున వెనకగోడ మీదుగా బాష్పవాయువు గుండ్లు వచ్చి పడ్డాయి. లోపలున్న పిల్లలందరూ ఒక్కసారిగా గేటువైపు పరుగెత్తారు. గేటు తెరుచుకోలేదు. తెరుచుకునేసరికి ముగ్గురు పిల్లలు కాళ్ళకింద పడి నలిగిపోయారు. వాచ్‌మన్ తాళం వేసి మాయమయ్యాడని ఊరంతా అంది. నేను తాళం వెయ్యలేదు, తాళం నా గదిలో మేకుకే వేలాడుతోందని ఆయన పోయేదాకా చెబుతూనే ఉన్నాడు. కుండకు మూత పెట్టొచ్చు గానీ ఊరి నోటికి మూత పెట్టలేం కదా. ఉద్యోగం పోయింది, కొన్నాళ్ళకు ఆయనా పోయాడు. బడిలో పిల్లలు ఆమెను తాళం వాడి కూతురు అని పిలిచేవాళ్ళు. తల్లినీ తననూ మేనమామ ఇంటికి తీసుకుపోయి, ఉన్నదాంట్లో పెట్టి పెంచాడు. తల్లి కూడా పోయాక ఆమెకు పుట్టిల్లంటే ఇక మావయ్య ఇల్లే.

ఇప్పుడు ఆ సామాన్లన్నిటినీ ప్రదర్శనకు పెట్టుకోమని కాలేజీ వాళ్ళు లైబ్రరీ పైహాలు ఇచ్చారు. రేపే ప్రారంభం. ప్రతి వస్తువు పక్కనా ఒక అట్టముక్క, దానిమీద రెండు వాక్యాలు. అన్నీ రాయడం అయింది. గేటు ఫొటో పక్కన పెట్టాల్సిన అట్ట ఒక్కటే ఖాళీగా ఉంది. దానిమీద "వాచ్‌మన్ గేటుకు తాళం వేయడంతో" అని మొదలుపెట్టాలని ప్రిన్సిపాల్ పంపిన కాగితంలో ఉంది.

సరే, గొలుసు దగ్గరికి వద్దాం.

సామానక్కకు ఒక పద్ధతి ఉంది. వస్తువు తెచ్చినవాళ్ళు కిటికీ పక్కనున్న చేతులకుర్చీలో కూర్చోవాలి. వస్తువును బల్లమీద పెట్టి కథ చెబితే కుదరదు. చేతుల్లో పట్టుకుని చెప్పాలి. నోరు కోతలు కోస్తుంది, చేతులు మాత్రం జరిగింది జరిగినట్టు గుర్తుపెట్టుకుంటాయని ఆమె నమ్మకం. డాక్టరమ్మ కూడా గొలుసును ఒళ్ళో పెట్టుకుని, లంకెల మీద వేళ్ళు కదుపుతూ చెప్పింది.

"నేనప్పుడు మొదటి సంవత్సరం. పొగలో ఏమీ కనపడ్డం లేదు. జనం ఎటు తోస్తే అటు పోతున్నాను. నేను గేటు దగ్గరికి చేరేసరికి గేటు తెరుచుకుంది. ఎవరు తెరిచారో చూళ్ళేదు. బయటికి పోతుంటే ఎవరో వెనక్కి లాగినట్టయింది. చూస్తే నా జడ. గేటు కమ్మీకి ఈ గొలుసు వేలాడుతోంది, దాంట్లో చిక్కుకుంది. పట్టి లాగాను. గొలుసంతా నా చేతికొచ్చేసింది. జడకి గొలుసు, గొలుసుకి నేను. అలాగే ఇంటిదాకా పరుగెత్తాను."

"గేటుకే ఉందా? మీరు బాగా చూశారా?"

"ఇదిగో, ఈ లంకెల్లో ఆకుపచ్చ రంగు చూడండి. మీ గేటు రంగు. ఎవరిదో సైకిలు గొలుసు, ఎవరో తగిలించారు అనుకున్నాను. అందరూ తాళం తాళం అంటుంటే నేనూ అదే నమ్మాను. దీనికీ దానికీ సంబంధం ఉంటుందని తట్టనేలేదు. ఇల్లు మారుతుంటే మొన్న అటకమీద కనపడింది." ఆవిడ కాస్త ఆగి సామానక్క ముఖంలోకి చూసింది. "ఇన్నాళ్ళూ ఇది నా దగ్గరుండడం వల్ల మీకేమైనా నష్టం జరిగిందా?"

సామానక్క గొలుసును రెండు చేతులా అందుకుంది. "లేదు డాక్టరుగారూ, మీరు చేసిన మేలు జన్మలో మరిచిపోలేను," అని మాత్రం అంది. డాక్టరమ్మకు క్లినిక్కులో రోగులు ఎదురుచూస్తున్నారు. సంచీ మడుచుకుని వెళ్ళిపోయింది.

తర్వాత చాలాసేపు గదిలోకి ఇంకెవరూ రాలేదు. మధ్యాహ్నపు ఎండ పొడుగాటి కిటికీల్లోంచి లోపలికి వచ్చి ఎర్రరంగు బ్యానరు మీద పడింది. గదంతా లేత ఎరుపైంది. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే దుప్పట్ల బ్యానర్లు ఊపిరి తీసుకుంటున్నట్టు లేచి పడుతున్నాయి. కింద మైదానంలో పిల్లలు ఆడుకుంటున్న కేకలు సగం దూరంలోనే కరిగిపోయి పైకి చేరుతున్నాయి. సామానక్క గొలుసును ఒళ్ళో వేసుకుని అదే కుర్చీలో కూర్చుంది. నిద్రా కాదు, మెలకువా కాదు. గదిలోని చెప్పులన్నీ లేచి తమ తమ జతలను వెతుక్కుంటూ మెట్లు దిగుతున్నట్టనిపించింది. చేతిమైకులన్నీ కలిసి గుసగుసగా ఏదో పాట ఎత్తుకున్నాయి. గేటు పక్కన చిన్నగదిలో నాన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా మడతలు నలగలేదు. ఆయన వెనక మేకుకు పెద్ద ఇత్తడి తాళం వేలాడుతోంది. చూశావా అమ్మా, ఇక్కడే ఉంది అన్నట్టు ఆయన తలతిప్పి నవ్వాడు. ఇన్నేళ్ళలో నాన్న ఆమెకు నవ్వుతూ కనపడడం ఇదే మొదలు.

కళ్ళు తెరిచేసరికి చెంపలు తడిగా ఉన్నాయి. సంతోషం పట్టలేకపోయింది. నాన్న అబద్ధం చెప్పలేదు. గేటుకు తాళం లేదు, గొలుసు ఉంది. గొలుసు నాన్నది కాదు, ఆయనకు సైకిలే లేదు.

ఒక్కటే చిక్కు. గొలుసు మూసుకోవడం లేదు. ఒక చివర మొన, రెండోచివర గొట్టం. మొనను గొట్టంలోకి తోస్తే దానంతటదే పట్టుకోవాలి, తీయడానికి మాత్రమే తాళంచెవి కావాలి. అలాంటి గొలుసు అది. అయితే మొన కాస్త వంగి ఉంది. డాక్టరమ్మ తోసింది, పోలేదు. సామానక్క బైండింగు పట్టకారుతో పట్టి తోసింది, పోలేదు. పైకి వచ్చిన ప్రిన్సిపాల్ కోటు విప్పి మరీ తంటాలు పడి, చేతులు దులుపుకుని, "మూసుకోని గొలుసును గేటుకు వేశారంటే ఎవరు నమ్ముతారమ్మా? రేపు పేపర్లవాళ్ళు నన్నడుగుతారు. ఇంకేదైనా గట్టి ఆధారం చూపిస్తే అట్టమీద రాత మారుద్దాం. లేదంటే ఉన్నదే ఉంచుదాం," అని దిగిపోయాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే మరి.

సామానక్క గొలుసును బల్లమీద పెట్టి, నిచ్చెన ఎక్కి, జారిన బ్యానరు తాడు బిగించసాగింది. పని చేస్తుంటే ఆలోచన దారికి వస్తుందని ఆమె ఆశ. అప్పుడే మెట్లమీద దగ్గు వినపడింది. దగ్గు వెనకే మావయ్య వచ్చాడు.

మావయ్య బడిలో డ్రాయింగు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. మనిషి వంగాడు గానీ చేతిరాత వంగలేదు. గదిలో ఉన్న అట్టలన్నీ ఆయన చేతిరాతే. గేటు అట్ట కూడా ఆయనే రాయాలి. రేపు, ఎల్లుండి అంటూ ఈ ఒక్కదాన్నే వాయిదా వేస్తూ వచ్చాడు. బావ మీద రాయాల్సి రావడం ఆయనకు ఎంత కష్టంగా ఉందోనని సామానక్క కూడా గట్టిగా అడగలేదు.

"బుడ్డీ, పైనున్నావా? పడేవు, నడుం విరిగితే మీ అత్తయ్య నా నడుం విరగ్గొడుతుంది," అన్నాడు గుమ్మంలోంచే. యాభై దాటిన ఆడమనిషిని ఆయన ఒక్కడే ఇంకా బుడ్డీ అంటాడు.

"అత్తయ్య ఏమంటోంది మావయ్యా?"

"ఏమంటుంది? రంగుసీసాలు వంటగట్టు మీద పెట్టానట. పచ్చడనుకుని మూత తీసిందట. ఇంట్లో నువ్వైనా ఉండాలి, నీ సీసాలైనా ఉండాలి అని తేల్చిచెప్పేసింది. అందుకని నేనూ సీసాలూ ఇద్దరం వచ్చేశాం. నీ పాతసామాన్లలో నన్నూ ఒకటి చేసి గోడకు కొట్టెయ్. ఒక పీడ పోతుంది."

"నీ పక్కన అట్టమీద ఏం రాయను?"

"పనిచేయదు, ముట్టుకోరాదు అని రాయి."

సామానక్క నవ్వింది. గొలుసు సంగతి దిగాక చెబుదామనుకుంది. చెబితే మావయ్య ముఖం ఎలా వెలిగిపోతుందో ఊహించుకుంటూ, ఆ ఊహను కాసేపు తనదగ్గరే ఉంచుకుందామని ఊరుకుంది. తాడు ముడి బిగిస్తూ అటు తిరిగింది.

మావయ్య బల్లమీద సీసాలు పెట్టుకోవడానికి చోటు చేసుకుంటున్నాడు. అత్తయ్య మీద చాడీలు సాగుతూనే ఉన్నాయి. పచ్చడి రుచి చూసిందా లేదా అన్నది ఇంకా తేలలేదు. మాట మధ్యలో, ఆ మాటకు అడ్డు రాకుండా, చిన్న చప్పుడైంది.

టక్.

సామానక్క చెయ్యి తాడుమీదే ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తిరిగి చూసింది. బల్ల ఖాళీగా ఉంది. గొలుసు కుర్చీచేతికి చుట్టి, మూసి ఉంది. సైకిలు దిగినవాడు అటువైపు చూడనైనా చూడకుండా గొలుసు వేసి నడిచిపోతాడే, అలా వేసి ఉంది. మావయ్య సీసా మూత తిప్పుతూ ఇంకా మాట్లాడుతున్నాడు.

"మావయ్యా."

"ఊఁ?"

"ఇప్పుడేం చేశావు?"

"ఏం చేశానే? బల్లమీద ఈ గొలుసు అడ్డంగా ఉంటే తీసి పక్కన..." అని తన చేతివైపు చూసుకున్నాడు. తర్వాత కుర్చీవైపు చూశాడు.

ఆయన పుర్రచేతివాటం మనిషి. ఎడమచేతి బొటనవేలు ఇంకా కొంచెం వంగే ఉంది. మొనను సగం వెనక్కి తిప్పి, బొటనవేలితో నొక్కి, అప్పుడు తోస్తే తప్ప ఆ గొలుసు పట్టుకోదు. ఆ సంగతి డాక్టరమ్మకు తెలియదు, ప్రిన్సిపాల్‌కు తెలియదు, తనకూ తెలియదు. ఆ చేతికి తెలుసు. సామానక్క నిచ్చెన దిగింది. బ్యానర్లు లేచి పడుతున్నాయి, కింద పిల్లలు కేకలు వేస్తున్నారు, ఏదీ ఆగలేదు. అదే ఆమెకు వింతగా ఉంది.

"తుప్పు వదిలి ఉంటుందిలే," అన్నాడు మావయ్య.

"పొద్దుట్నుంచి ముగ్గురం కుస్తీ పట్టాం. పట్టకారుతో కూడా పోలేదు."

"ఏదో... గుడ్డెద్దు చేలో పడ్డట్టు..."

"మావయ్యా, ఇది ఆ రోజు గేటుకు వేసిన గొలుసు."

ఆయన తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయాడు. మూత తిప్పడం ఆపి రంగుసీసాను బల్లమీద పెట్టాడు. అప్పుడు సామానక్కకు ఒక సంగతి గుర్తొచ్చింది. మావయ్య సైకిలు ఎక్కగా తానెప్పుడూ చూడలేదు. బడి ఊరి అవతల ఉండేది. వానైనా ఎండైనా నడిచే వెళ్ళేవాడు. నడక ఆరోగ్యమనేవాడు. చిన్నప్పుడు తను సైకిలు కావాలని ఏడిస్తే, అడిగిందల్లా తెచ్చిపెట్టే మనిషి, అదొక్కటి మాత్రం కొనిపెట్టలేదు.

"నీకు సైకిలు ఉండేదా?"

"ఉండేది." ఆయన గొంతు ఎక్కడో దూరంనుంచి వచ్చినట్టుంది. "నోటికి ఇన్నాళ్ళూ తాళం వేసుకున్నానే తల్లీ. ఈ పాడు చేతికి కూడా వేసుకోవాలని తోచలేదు."

అరవాలనిపించింది ఆమెకు. అరవలేకపోయింది. నాన్నను కాటికి మోసుకెళ్ళినవాళ్ళలో ఈ మనిషి ఒకడు. జ్వరం వస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుని తెల్లవారేదాకా తడిగుడ్డ వేసిందీ ఈ మనిషే. తాళం వాడి కూతురని ఏడిపించిన పిల్లల ఇళ్ళకు వెళ్ళి పోట్లాడిందీ ఈయనే.

"కూర్చో," అంది.

ఆయన కుర్చీవైపు చూశాడు. గొలుసు కుర్చీచేతిని పట్టుకుని ఉంది. తీయడానికి తాళంచెవి లేదు. వేరే కుర్చీ వేయమనలేదు. మెల్లగా వచ్చి అందులోనే కూర్చున్నాడు. ఎడమచెయ్యి గొలుసుమీద పడింది. తీసెయ్యబోయి, మళ్ళీ అక్కడే ఉంచాడు. సామానక్క ఫోను తీసి రికార్డింగు పెట్టి కిటికీగట్టు మీద ఉంచింది. ఎంతోమంది కోసం చేసిన పనే.

"అందరి దగ్గరా తీసుకుంటావుగా, నా దగ్గరా తీసుకో," అన్నాడు మావయ్య. "ఆ రోజు పోలీసు వ్యాన్లు గేటులోంచే వస్తాయని కబురొచ్చింది. గేటు మూసి గట్టిగా కట్టెయ్యాలని మీటింగులో అనుకున్నాం. నేను బావ దగ్గరికెళ్ళి తాళం అడిగాను. ఇవ్వనన్నాడు."

"ఎందుకివ్వనన్నాడు?"

"లోపల పిల్లలుండగా గేటుకు తాళం పడకూడదురా అన్నాడు. ఆఫీసువాళ్ళు వెయ్యమన్నా వెయ్యను, మీరు వెయ్యమన్నా వెయ్యను, నేర్చుకున్న పని ఇది ఒక్కటే అన్నాడు. నాకు మండిపోయింది. ఉడుకు రక్తం. అందరిముందూ బావ నా మాట తీసేశాడని చిన్నతనంగా కూడా ఉంది. నా సైకిలు గొలుసు విప్పి తెచ్చి రెండు కమ్మీలకూ కలిపి వేసేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. నా జీవితంలో నాకు చప్పట్లు కొట్టింది ఆ ఒక్కసారే."

ఫ్యాను తిరుగుతోంది. ఎర్రటి వెలుతురు ఆయన మోకాళ్ళ దాకా వచ్చింది. ఆ వెలుతురులో ఆయన మావయ్యలా లేడు. ఎవరో కాలేజీ కుర్రాడు ముసలివాడి చొక్కా తొడుక్కుని కూర్చున్నట్టున్నాడు. సామానక్క ఆ కుర్రాణ్ణి చెంపదెబ్బ కొట్టాలనుకుంది. అదే క్షణంలో దగ్గరికి తీసుకోవాలనీ అనుకుంది.

"ఆ తర్వాత వెనకనుంచి పొగ," అన్నాడాయన. "చెప్పను. ఆ కాస్తా చెప్పలేను. నీకు తెలిసిందే."

"మరి నాన్న మీద ఊరంతా ఉమ్మేస్తుంటే ఎందుకు నోరు మెదపలేదు?"

"చప్పట్లు కొట్టినవాళ్ళు కేసులకు భయపడి నోరు విప్పలేదు. నేను మెదపబోయాను. బావ ఆపాడు. నువ్వు జైలుకు పోతే మీ అక్కకు పుట్టింటి దిక్కు ఉండదు, ఎలాగూ నా పేరు పోయింది, నీదన్నా ఉండనీ అన్నాడు. నాకు లోపల భయంగా ఉంది, పైన ఆయన మాట దొరికింది. పట్టుకున్నాను. పిరికితనానికి అంతకన్నా మంచి సాకు ఎక్కడ దొరుకుతుంది? ఆయన పోయాక చెబుదామనుకున్నాను. అప్పుడు నువ్వు నా చిటికెనవేలు పట్టుకుని నడుస్తున్నావు."

సామానక్క కిటికీవైపు తిరిగింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాన్న పేరు కడగాలంటే ఆ నీళ్ళు మావయ్య నెత్తిన పొయ్యాలి. రేపు ఈ గదిలోకి చనిపోయిన పిల్లల అక్కచెల్లెళ్ళు వస్తారు, అన్నదమ్ములు వస్తారు. వాళ్ళ ముందు ఈ ముసలాయన ఎలా నిలబడతాడు? అత్తయ్య ఏమైపోతుంది? ఊరుకుంటే మాత్రం, నిద్రలో నవ్విన నాన్నకు ఏం సమాధానం చెప్పాలి? గొలుసు దొరికినప్పటి సంతోషం ఇంకా గుండెలోనే ఉంది. దానిపక్కనే దుఃఖం వచ్చి కూర్చుంది. రెండూ కదలడం లేదు.

వెనక కుర్చీ కిర్రుమంది. చూస్తే మావయ్య కుంచె అందుకున్నాడు. ఖాళీ అట్ట ఒళ్ళో పెట్టుకున్నాడు. గొలుసుకు ఆనుకున్న ఎడమచేత్తోనే రాస్తున్నాడు. అక్షరాలు ఎప్పటిలాగే నిండుగా, నిదానంగా వస్తున్నాయి. "ఆ రోజు గేటుకు తాళం లేదు. తన సైకిలు గొలుసుతో గేటును బంధించిన విద్యార్థి పేరు," అని రాసి, ఆగి, తన పేరు రాశాడు. పేరు కింద గీత కూడా గీశాడు. డ్రాయింగు మాస్టరు కదా.

"ప్రిన్సిపాల్ ఆధారం అడిగితే నన్ను చూపించు. నాకన్నా ఆధారం ఏం కావాలి?" అన్నాడు. "రేపు నేనూ వస్తాను. ఆ పిల్లల తాలూకు వాళ్ళు ఎవరొచ్చి ఏం అడిగినా ఈ కుర్చీలోంచి లేవను. ఇప్పటికైనా మీ నాన్న మీద మచ్చ పోవాలి."

సామానక్కకు ఏడుపు కట్టలు తెంచుకుంది. వెళ్ళి ఆయన కాళ్ళదగ్గర నేలమీద కూర్చుని, తల ఆయన మోకాలికి ఆనించింది. చిన్నప్పుడు బడినుంచి ఏడుస్తూ వచ్చి కూర్చున్నట్టే కూర్చుంది. ఆయన చెయ్యి ఆమె తలమీదికి వచ్చింది. రంగు అంటుకుంటుందని వేళ్ళు పైకెత్తి అరచెయ్యి మాత్రం ఆనించాడు. కోపం ఎక్కడికీ పోలేదు. ప్రేమ కూడా పోలేదు. ఇక నాన్న పేరుకు అడ్డేమీ లేదన్న ఒక్కమాట ఆమె మనసులో వెచ్చగా తిరుగుతోంది.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేదేమో. కానీ కథ పూర్తిగా వినకుండా ఏ వస్తువునూ తీసుకునే అలవాటు లేదు సామానక్కకు. కళ్ళు తుడుచుకుని గొలుసువైపు చూసింది. డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది.

"మావయ్యా, డాక్టరమ్మ జడ చిక్కుకునేసరికి గొలుసు తెరిచి వేలాడుతోంది. కోసిన గుర్తు ఎక్కడా లేదు. అంటే తాళంచెవితో తీశారు. చివరికి నువ్వే తీశావు, అవునా?"

ఆయన కుంచె తుడవడం మొదలుపెట్టాడు.

"అంత ఆలస్యం ఎందుకైంది? జనంలో నలిగిపోయావా? గేటు దాకా రాలేకపోయావా? అది కూడా చెప్పు, ఫోను ఇంకా తిరుగుతోంది."

"నేను గేటు పక్కనే ఉన్నాను."

"పక్కనే ఉంటే మరి?"

"అది అడక్కు బుడ్డీ. అట్ట రాశాను కదా. నా పేరే రాశాను కదా. అంతటితో వదిలెయ్."

"పక్కనే ఉండి ముగ్గురు పిల్లలు పోతుంటే చూస్తూ నిలబడ్డావా? జేబులో తాళంచెవి పెట్టుకుని?"

మావయ్య కళ్ళు మూసుకున్నాడు. ఫోను ఆపమన్నట్టు ఒకసారి కిటికీగట్టు వైపు చూశాడు. ఆమె ఆపలేదు.

"నా జేబులో లేదమ్మా," అన్నాడు చివరికి. "చప్పట్లు ఇంకా ఆగనేలేదు. మీ నాన్న జనాన్ని తోసుకుంటూ వచ్చి చెయ్యి చాచాడు. ఇలా ఇవ్వరా అన్నాడు. బావ కదా, ఇచ్చేశాను. పొగ వచ్చినప్పుడు, పిల్లలు మీదపడి గేటు తియ్యండని అరుస్తున్నప్పుడు, ఆ తాళంచెవి మీ నాన్న జేబులోనే ఉంది."